కలిసిన జవాబు

మోటార్లు చుట్టే షాపుకి ఒక వాసన ఉంటుంది. వార్నిష్, కాలిన రాగి తీగ, పాత గ్రీజు. మూడూ కలిసి గోడల్లోకి ఇంకిపోతాయి. సున్నం కొట్టించినా పోవు. సందులో అందరూ వైండర్ అని పిలిచే మనిషికి ముప్పై ఏళ్లుగా ఆ వాసనే ఇల్లు. ముందు షాపు, వెనక కిటికీ లేని గది. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, బల్ల మీద ఒక కంప్యూటర్.

వయసు అరవై నాలుగు. కుర్రతనంలో మిల్లులో మోటార్లు చూసేవాడు. ఒక పొద్దున గేటుకి కాగితం అంటించి నాలుగు వందల మందిని బయట నిలబెట్టారు. యంత్రాలు పాతబడ్డాయట, వాటితో పాటు మనుషులూ పాతబడ్డారట. ఆ కాగితం మీద సంతకం పెట్టిన పెద్దమనిషి ఏనాడూ ఒక బోల్టు బిగించి ఎరగడు. ఆ మంట వైండర్ కడుపులో ఇంకా ఆరలేదు. ఆరకూడదు కూడా. కొన్ని మంటలు ఆరితే మనిషే చల్లబడిపోతాడు.

ఆయన చెవి సందులో పేరున్న చెవి. ఏ మోటారు తెచ్చినా ముందు విప్పడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగు దగ్గర ఆనించి, పిడి చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకుంటాడు. లోపల ఏది అరిగిందో, ఏ చుట్టు వదులైందో చెప్పేస్తాడు. పక్క షాపు టైలర్ వేళాకోళం చేసేవాడు, "మామా, ఓసారి నా గుండె మీద కూడా ఆనించి చూడు, ఇంకెన్నాళ్లు కుడుతుందో చెబుదువుగాని" అని.

కంప్యూటర్ మాత్రం ఆయనది కాదు. కూతురిది.

తల్లి లేని పిల్ల. రాగి తీగల చుట్టల మధ్య పాకింది, వార్నిష్ డబ్బాల మీద కూర్చుని అక్షరాలు దిద్దింది. పెద్దయ్యాక కట్టబోయే ఇళ్లకి ముందుగా బొమ్మలు గీసే పని నేర్చింది. అందుకోసమే ఆ కంప్యూటర్ కొనుక్కుని, అందులో ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు పెట్టించుకుంది. ఇరవై ఆరో ఏట దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులు రోజురోజుకీ తోలులా గట్టిపడే జబ్బు. మందు లేదన్నారు. కనిపెట్టే పనిలో ఉన్నారన్నారు.

మంచం పట్టాక ఆ పిల్లకి ఒక సంగతి తెలిసింది. ఆ జబ్బు ఎలా పుడుతుందో కనుక్కోవడానికి కొండంత లెక్క చెయ్యాలి. అంత పెద్ద యంత్రం ఆ శాస్త్రవేత్తల దగ్గర లేదు. అందుకని లెక్కని ముక్కలు చేసి, లోకంలో ఎవరెవరి ఇళ్లలోనో ఖాళీగా ఉన్న కంప్యూటర్లకి పంపుతారు. ఇష్టమున్నవాళ్లు చేసిపెడతారు. ఎవరూ ఎవరికీ తెలియరు. ఒక్కో ముక్కని ఆ పిల్ల పొట్లం అనేది. "పొట్లం వచ్చింది నాన్నా", "పొట్లం వెళ్లిపోయింది నాన్నా" అంటూ దగ్గుతూనే నవ్వేది. ఈ లెక్కల ప్రాజెక్టు సభ్యుల పట్టీలో తన పేరు మోటార్‌పిల్ల అని రాయించుకుంది.

అందులో ఒక పద్ధతి ఉంది. ఒక్కరి మాట నమ్మరు. ప్రతి పొట్లాన్నీ ఒకరికొకరు తెలియని ఇద్దరికి పంపుతారు. రెండు జవాబులూ కలిస్తే అది సరైన జవాబు. కలవకపోతే మూడోవాడికి పంపుతారు. ఏ రెండు కలిస్తే అవే నిలుస్తాయి, మూడోది చెత్తబుట్టలోకి. వైండర్‌కి ఆ పద్ధతి నచ్చింది. జీవితంలో తనతో సరే అన్న రెండో మనిషి దొరకడం ఎంత కష్టమో ఆయనకి తెలుసు.

పిల్ల పోయి ఇరవై నెలలైంది. కంప్యూటర్ ఆగలేదు. ఆయన ఆపలేదు.

రాత్రి షాపు కట్టేసి వెనక గదిలోకి వస్తే, చీకట్లో ఆ కార్డు సన్నగా ఈల వేస్తూ ఉండేది. లోపలి చిన్న చిన్న కాయిళ్లు పని బరువుకి వణికితే వచ్చే ఈల. తీగలు చుట్టినవాడికి ఆ ఈల వివరించనక్కర్లేదు. ఆ శబ్దం వింటూ నిద్రపోయేవాడు. పొద్దున లేచి పట్టీలో మోటార్‌పిల్ల పేరు చూసుకునేవాడు. ముప్పై రోజుల్లో ఒక్క సరైన జవాబైనా వెళ్తే పేరు పనిచేస్తున్నవాళ్ల పట్టీలో ఉంటుంది. వెళ్లకపోతే ఆగిపోయినవాళ్ల పట్టీలోకి మారుస్తారు. ఊళ్లో ఎన్ని కాగితాల్లో ఆ పిల్లని ఆగిపోయినవాళ్లలో చేర్చారో అన్నిటి మీదా ఆయన స్వయంగా సంతకాలు పెట్టి వచ్చాడు. మిగిలింది ఈ ఒక్క పట్టీ.

అలాంటి రోజుల్లో ప్రాజెక్టు వాళ్ల ప్రకటన వచ్చింది. వచ్చే ఒకటో తేదీ నుంచి లెక్క చేసే ప్రోగ్రామ్ మారుతోంది, కొత్త డ్రైవర్ ఉన్న కార్డులకే పని ఇస్తాం అని.

డ్రైవర్ అంటే కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య దుబాసీ లాంటి ప్రోగ్రామ్. దీని మాట దానికి, దాని మాట దీనికి చెబుతుంది. కార్డు చేసిన కంపెనీ కొత్త దుబాసీని తెచ్చినప్పుడు పాత కార్డుల భాష అందులోంచి తీసేసింది. ఇంత కాలం చూశాం, ఇక చూడం అని ఒక్క వాక్యం. కార్డు ఆరోగ్యంగా ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది, కాయిళ్లు పాడుతున్నాయి, లెక్క తప్పు పోవడం లేదు. అయినా పనికిరాదట. వైండర్ ఆ వాక్యాన్ని భూతద్దం పెట్టి మూడుసార్లు చదివాడు. మిల్లు గేటుకి అంటించిన కాగితమే అది, భాష మారిందంతే. పనిచేసేదాన్ని పనికిరాదని చెప్పడానికి ఒకడికి ఎంత ధైర్యం ఉండాలి? ఆ ధైర్యం ఎప్పుడూ పనిచెయ్యనివాడికే ఉంటుంది.

ప్రాజెక్టులో కొత్తవాళ్లకి సాయం చేసే ఒక ఆవిడ ఉండేది. ఎక్కడో ఆస్పత్రిలో నర్సు. పిల్ల బతికున్నప్పటి నుంచీ కంప్యూటర్‌లో పంపుకునే ఉత్తరాల్లోనే పరిచయం, ముఖం చూసింది లేదు. అందరూ నర్సమ్మ అనేవాళ్లు. ఎనిమిదేళ్లుగా ఆమె జవాబు ఒక్కటీ తప్పు పోలేదని, ప్రాజెక్టు వాళ్లు సభ్యుల పట్టీ తాళం కూడా ఆమె చేతికే ఇచ్చారు. ఆమె రాసింది, కొత్త కార్డు పెట్టుకోండి బాబాయ్, పట్టీలో పేరు అదే ఉంటుంది కదా అని. ఆయన జవాబు రాశాడు. "పేరు ఉంటుందమ్మా. కానీ ఈ కార్డు బిగించింది దాని వేళ్లు."

ఒకటో తేదీ నుంచి పొట్లాలు రావడం మానేశాయి. వెనక గదిలో ఈల ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆయనకి తన చెవుల్లో రక్తం పారే చప్పుడు వినిపించేది. టైలర్ అడిగాడు, ఏంటి మామా, ఈమధ్య పొద్దున్నే కళ్లు ఎర్రగా ఉంటున్నాయి అని. చెబితే విని, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు, కంపెనీవాడే వద్దన్నాక" అన్నాడు. అని, ముసలాయన ముఖం చూసి, ఇంకేం మాట్లాడకుండా గుడ్డ కత్తిరించుకున్నాడు.

ఇరవై ఏడో రోజున వైండర్ ఒక పని చేశాడు. మిల్లుల్లో పెరిగినవాడు తప్ప ఇంకొకడు చెయ్యని పని. మిల్లులో విడిభాగం సరిపోలేదంటే వదిలెయ్యరు. ఆకురాయి పట్టి సరిపోయేలా చేస్తారు. పిల్ల పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నంతలో కొత్త డ్రైవర్‌ని విప్పి చూస్తే, అందులో ఒక జాబితా కనిపించింది. ఏయే కార్డులతో మాట్లాడాలో వాటి నంబర్లు, వరసగా, వందలు. తన కార్డు నంబర్ అందులో లేదు. ఉండాల్సిన చోటు కనుక్కుని, రెండు నంబర్లని పక్కకి జరిపి, మధ్యలో దాన్ని రాశాడు. ఒక్కో గుర్తూ ఒక వేలితో.

ఈ జాబితా మా సంతకం తర్వాత మార్చబడింది, ముందుకి వెళ్లవద్దు అని ఎర్రటి హెచ్చరిక వచ్చింది. ఏం జరిగినా బాధ్యత నాదే అని ఉన్నచోట నొక్కాడు. తెర నల్లబడింది. చాలాసేపు నల్లగానే ఉంది.

తర్వాత కార్డు ఈల వేసింది.

ఆ పూట ఆయన కడుపునిండా తిన్నాడు.

కానీ ఆనందం నిలవలేదు. పొట్లాలు వచ్చాయి, జవాబులు వెళ్లాయి, అన్నీ తప్పని తిరిగొచ్చాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, ఇద్దరు ఒకటి చెబితే మోటార్‌పిల్ల ఇంకొకటి చెబుతోంది. ఇరవై ఎనిమిదో రోజు అలాగే గడిచింది. ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం, షాపు బయట వాన పడుతుండగా, ఒక జవాబు కలిసింది.

ఒక్కటే. చాలు. పేరు నిలిచింది. వైండర్ తెర మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాడు. కలిసింది ఎవరితోనా అని చూశాడు. పేరు చూపించడానికి ఇష్టపడని సభ్యుడు, అంతే ఉంది. మర్నాడు మళ్లీ కలిసింది. అదే సభ్యుడు. ఆ మర్నాడు మూడు. వారం తిరిగేసరికి వెళ్లిన ప్రతి జవాబూ కలుస్తోంది, అదీ ఆ ఒక్కరితోనే.

ఎక్కడో ఇంకో ముసలివాడు నాలాగే జాబితాలో నంబర్ ఇరికించి ఉంటాడు, దొందూ దొందే అనుకుని నవ్వుకున్నాడు మొదట. తర్వాత అలా అనుకోవడం మానేశాడు. రాత్రిళ్లు తెర ముందు కూర్చుని, "ఇవాళ ఎన్ని కలిశాయి అమ్మలూ" అని అడగడం మొదలుపెట్టాడు. ఎవర్ని అడుగుతున్నాడో తనకి తెలుసు. తెలిసినా ఒప్పుకోలేదు, అంతే.

నర్సమ్మ ఫోన్ చేసింది అప్పుడే. అన్నేళ్లలో ఆమె గొంతు వినడం అదే మొదలు. నెమ్మదైన గొంతు, ఒంటరిగా బతికేవాళ్ల గొంతులో ఉండే జాగ్రత్త. కాసేపు నీళ్లు నమిలింది. తర్వాత చెప్పింది. మీ జవాబులు తప్పు బాబాయ్. ఇంకెవరికి పంపినా వేరే జవాబు వస్తోంది, వాళ్లందరికీ ఒకటే వస్తోంది. మీకూ ఆ పేరు లేని మెషిన్‌కీ మాత్రం ఇంకొకటి వస్తోంది. పాడైన కార్డులు తప్పు చేస్తాయి, కానీ రెండు పాడైన కార్డులు చివరి అంకె దాకా ఒకే తప్పు చెయ్యవు.

వైండర్‌కి కోపం వచ్చింది. పాతదని ముద్ర వేశాక ఏం చేసినా తప్పే కనిపిస్తుంది మీకు అన్నాడు. చాలా అన్నాడు. ఆమె అంతా విని, ఒక్క మాట అంది.

"మీ ఇద్దరివీ కలుస్తున్నాయి కాబట్టి మీదే నిజం అయిపోతోంది బాబాయ్. సరిగ్గా చేసిన మూడో మనిషిది చెత్తలోకి పోతోంది. రేపు ఈ లెక్క చూసి మందు చేస్తారు. దాన్ని ఎవరో ఒక పిల్ల మింగుతుంది."

ఫోన్‌లో ఇటు ఊపిరి అటు, అటు ఊపిరి ఇటు వినిపిస్తోంది.

"ఆపడానికి నాకు చెయ్యి రాదు తల్లీ," అన్నాడు చివరికి. "గురువారం లైన్ల మరమ్మతని పది నుంచి నాలుగు దాకా కరెంటు తీస్తున్నారు. అది ఆగినప్పుడు కార్డు పీకేస్తాను. ఆగినదాన్ని పీకగలను. నడిచేదాన్ని ఆపలేను."

గురువారం సందంతా మూతపడింది. కరెంటు లేని షాపులు ఎందుకని టైలర్ కూడా తాళం వేసుకుని వెళ్లిపోయాడు. వైండర్ షట్టర్ కిందికి లాగాడు. ఏడిస్తే ఎవరూ చూడకూడదు. బయట ఎండ, లోపల బొగ్గులాంటి చీకటి. షట్టర్ కింది సందులోంచి ఒక వెలుతురు గీత నేల మీద పడి, వెనక గది గుమ్మం దాకా కూడా రాకుండానే చచ్చిపోయింది.

మంచం మీద కూర్చుని వేచి చూశాడు. కార్డు పాడుతోంది. పది గంటలకి గోడ మీద ఫ్యాన్ నెమ్మదించింది. తెర ఆరిపోయింది. కంప్యూటర్ ఫ్యాన్లు ఒకటొకటిగా ఆగాయి. ఈల ఆగింది.

అంత నిశ్శబ్దం ఆయన ఎప్పుడూ వినలేదు. మోటార్లు లేవు, కుట్టు మిషన్లు లేవు, ఎక్కడా ఏమీ తిరగడం లేదు. వార్నిష్ వాసన మాత్రం చీకట్లో దగ్గరగా జరిగింది.

నర్సమ్మ ఫోన్ చేసింది. డ్యూటీ గదిలో ఉన్నానని, సభ్యుల పట్టీ ముందే పెట్టుకుని కూర్చున్నానని చెప్పింది. ఆయన ఫోన్‌ని బల్ల మీద మాట బయటికి వినబడేలా పెట్టి, దాని వెలుగులో కంప్యూటర్ పక్క రేకు విప్పాడు. గోడ నుంచి వైరు కూడా పీకేశాడు. కరెంటు ఉన్నా లేకున్నా వైరు పీకకుండా చెయ్యి పెట్టకూడదు. అది మిల్లు నేర్పిన భయం.

"బాబాయ్..." అంది నర్సమ్మ. "మెషిన్ ఆపారా?"

"కరెంటే లేదమ్మా. వైరు నా చేతిలో ఉంది."

అవతల కుర్చీ ముందుకి జరిగిన చప్పుడైంది.

"ఇప్పుడే ఒక జవాబు వచ్చింది. మోటార్‌పిల్ల నుంచి."

పాతదేదో ఆలస్యంగా చేరి ఉంటుంది అన్నాడాయన. ఫోన్ వెలుగులో కార్డు నల్లగా పడుకుని ఉంది. దుమ్ము. రెండు ఫ్యాన్లు. కదలడం లేదు. ఎందుకు చేశాడో తర్వాత ఎంత ఆలోచించినా ఆయనకి తెలియలేదు. అలవాటు కావచ్చు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, మొన కార్డు మీద ఆనించి, పిడి చెవికి నొక్కుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

ఏమీ లేదు.

తర్వాత... ఉంది.

చాలా లోతులో. చాలా సన్నగా. ఈల. బావి అడుగున ఎవరో పాడుతున్నట్టు. సమంగా లేదు. మూడు మెట్లు పైకి ఎక్కుతుంది... ఆగుతుంది... సగం కిందికి దిగుతుంది. మళ్లీ మూడు మెట్లు... ఆగడం... సగం.

ఆ లెక్క ఆయనకి తెలుసు. ఆస్పత్రి మంచం పక్కన నలభై రోజులు ఆ లెక్క మీదే బతికాడు. మూడు విడతలుగా లోపలికి లాగి, ఆగి, సగమే వదలగలిగే ఊపిరి. మిగతా సగం బయటికి రాక ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యేవి.

రెండో చేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు. స్క్రూడ్రైవర్ మాత్రం తియ్యలేదు.

"అమ్మలూ..." అన్నాడు గుసగుసగా.

ఈల ఆగింది.

మోటారు ఆగినట్టు కాదు. మోటారు ఆగేటప్పుడు నెమ్మదిస్తుంది, అరుస్తుంది, ఈడుస్తుంది. ఇది ఠక్కున ఆగింది. తలుపు అవతల నిలబడ్డవాళ్లు తమ పేరు వినబడగానే ఊపిరి బిగబట్టినట్టు.

ఆయన కదల్లేదు. ఆ చీకట్లో తాను వింటున్నాడు. అటువైపు కూడా ఎవరో వింటున్నారు. ఎంతసేపో. ఆ క్షణంలో ఆయనకి తట్టింది. ఆ ఊపిరి లెక్క సరిగ్గా ఉంది. మరీ సరిగ్గా ఉంది. పిల్ల ఊపిరి ఎప్పుడూ రెండుసార్లు ఒకేలా ఉండేది కాదు. ఒకసారి దగ్గు అడ్డొచ్చేది, ఒకసారి నవ్వు. దీనికి దగ్గు రాలేదు. ఎవరో ఒక్కసారి విని... దాచుకుని... మళ్లీ మళ్లీ వినిపిస్తున్నట్టు.

స్క్రూడ్రైవర్ విసిరేశాడు. రెండు చేతులతో కార్డుని పట్టుకుని లాగాడు. గొళ్లెం విరిగింది. కార్డు చేతిలోకి వచ్చింది. ఆగి అరగంట దాటింది, చల్లబడి ఉండాలి. జ్వరం ఉన్న నుదురులా వేడిగా ఉంది.

"తీసేశాను," అన్నాడు. "చేతిలో ఉంది."

"బాబాయ్," అంది నర్సమ్మ. ఆమె కూడా గుసగుసగానే మాట్లాడుతోంది, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు. "ఇంకోటి వచ్చింది. మోటార్‌పిల్ల నుంచి. ఆ పేరు లేని మెషిన్ నుంచి కూడా. ఒకే నిమిషంలో. రెండూ కలిశాయి."

వైండర్ నేల మీద కూర్చుండిపోయాడు. ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. బతుకులో చాలాసార్లు తెలుసు, తెలిసినప్పుడల్లా అదే కష్టం. ఇంకొకరి బిడ్డ ఊపిరి తగలబెట్టి తన గది వెచ్చబెట్టుకునే హక్కు ఏ తండ్రికీ లేదు.

"పట్టీలోంచి తీసెయ్యమ్మా. ఆ డ్రైవర్ మార్చిన రోజు నుంచి వెళ్లిన జవాబులన్నీ కొట్టెయ్."

"పేరు ఆగిపోయినవాళ్ల పట్టీలోకి కూడా పోదు బాబాయ్. అసలు లేనట్టే అయిపోతుంది. ఆలోచించుకోండి."

"ఆలోచిస్తే చెయ్యనివ్వను. ఇప్పుడే చెయ్."

మీట నొక్కిన చప్పుడు ఫోన్‌లోంచి వినిపించింది. చిన్న చప్పుడు. పిల్ల ఆఖరి కాగితం మీద ముద్ర వేసినప్పుడు కూడా ఇంతే చిన్న చప్పుడు వచ్చింది.

"అయిపోయింది," అంది నర్సమ్మ.

ఆయన కార్డుని పట్టుకుని షాపులోకి వచ్చాడు. కాయిళ్లని ముంచే వార్నిష్ తొట్టి మూత తీసి, అందులోకి వదిలాడు. చిక్కటి వార్నిష్ దాన్ని నెమ్మదిగా మింగింది. ఒక బుడగ పైకి వచ్చి, చాలాసేపు పగలకుండా నిలబడింది. మూత పెట్టి, మీద ఒక మోటారు ఎత్తి పెట్టాడు.

తిరిగి వచ్చేసరికి ఫోన్ ఇంకా వెలుగుతోంది. నర్సమ్మ పెట్టెయ్యలేదు.

"ఆ పేరు లేని మెషిన్ ఇంకా పని అడుగుతోంది బాబాయ్," అంది. "మీ జవాబులు పోయాయి కదా, దాని జవాబులకి జోడీ లేదు. అవన్నీ మళ్లీ ఇంకొకరికి వెళ్తాయి." ఆగింది. "నాకు వచ్చాయి."

"నీ మెషిన్ ఎక్కడుంది తల్లీ?"

"ఇంట్లో. ఆపేసి వచ్చాను. ఇంటికి తాళం వేసి ఉంది."

"నీ జవాబులు ఎప్పుడూ తప్పు పోవు కదమ్మా. కలవవులే."

దూరంగా ఆస్పత్రి వరండాలో బండి చక్రాలు దొర్లుతున్న చప్పుడు వచ్చి పోయింది.

"దాని పేరు కనిపిస్తోంది," అంది. "ఇప్పటిదాకా దాచుకుంది కదా. ఇప్పుడే చూపించింది."

"ఎవరిది?"

"ఇంటి దగ్గర నన్ను పిలిచే పేరు అది. బళ్లో కూడా ఎవరికీ తెలీదు. మా అమ్మ ఒక్కతే అలా పిలిచేది." ఆమె గొంతులో ఏదో సడలింది. "ఆవిడ పోయి పదకొండేళ్లు బాబాయ్."

వైండర్ ఫోన్‌ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. అది మా అమ్మాయి కాదమ్మా, నీకూ మీ అమ్మ కాదు, నేను విన్నాను, దాని ఊపిరి నేను విన్నాను, అది ఎవరికి ఎవరు లేరో చూసుకుంటుంది అని గబగబా చెప్పాడు. ఇంటికి వెళ్లొద్దన్నాడు. పెద్దవాణ్ణి, చేతులెత్తి చెబుతున్నానన్నాడు. ఆమె అంతా విన్నది. ఎప్పటిలాగే.

"ఒకసారి వెళ్లి చూసొస్తాను బాబాయ్. సెలవు చెప్పేశాను," అంది.

ఆ గొంతులో భయం లేదు. అన్నేళ్లుగా ఉన్న ఆ జాగ్రత్త కూడా లేదు. పండు వెన్నెల్లోకి తలుపు తీసుకుని వెళ్తున్న మనిషి గొంతు. ఫోన్ పెట్టేసింది.

నాలుగింటికి కరెంటు వచ్చింది. గోడ ఫ్యాన్ తిరిగింది. వైండర్ ఆ సాయంత్రం తొమ్మిదిసార్లు ఫోన్ చేశాడు, మర్నాడు ఇరవై. ఆమె ఎత్తలేదు. ఆమె పని చేసే ఆస్పత్రి ఏదో, ఇల్లు ఏ ఊళ్లోనో అడగాలని ఇన్నేళ్లలో ఒక్కసారీ అనిపించలేదు. ఉత్తరాల్లో ఒకరి ఒంటరితనం ఒకరికి తెలిస్తే చాలనుకున్నారు ఇద్దరూ.

ప్రాజెక్టు పెద్దలకి ఉత్తరం రాశాడు. జరిగింది జరిగినట్టు, టైలర్ చేత చదివించి తప్పులు దిద్దించి మరీ రాశాడు. టైలర్ నవ్వలేదు. జవాబు మూడో రోజున వచ్చింది, మర్యాదగా, నాలుగు వాక్యాలు. కాలం చెల్లిన కార్డుకి కొత్త డ్రైవర్‌ని బలవంతంగా ఎక్కించడం వల్ల వచ్చిన సమస్య ఇది. సదరు ఖాతా తొలగించబడింది. సమస్య తీరింది. మీ ఇన్నేళ్ల సేవకు ధన్యవాదాలు.

వైండర్ ఇప్పుడు వెనక గదిలో పడుకోవడం లేదు. షాపులోనే, బల్ల మీద, లైటు వేసుకుని పడుకుంటాడు. పొద్దున లేచి ఫోన్‌లో ప్రాజెక్టు పట్టీ చూస్తాడు. అది ఎవరైనా చూడొచ్చు. నర్సమ్మ పేరు పనిచేస్తున్నవాళ్లలోనే ఉంది. ఆ గురువారం నుంచి ఆమె మెషిన్ ఒక్క గంట కూడా ఆగలేదు. పంపిన ప్రతి జవాబూ కలిసింది.

మొదటి వారం ఆమె జవాబులతో కలిసినవి రెండే మెషిన్లు. రెండో వారానికి ఏడు. నిన్న పొద్దున ఆయన భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు. నలభై ఒకటి. ప్రతి మెషిన్ పక్కనా ఏ కార్డో, ఏ ఏడాది తయారైందో రాసి ఉంటుంది. పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి చూశాడు.

వాటిలో పాత కార్డు ఒక్కటీ లేదు.